రాయి లేని ఊళ్ళో ఆటలు

గుడివాడలో బందరు రైలెక్కి కిటికీ పక్కన కూర్చుంటే గుడ్లవల్లేరు, కవుతరం, వడ్లమన్నాడు, పెడన మీదుగా బందరు చేరేదాకా చేలు, కాలవలు, తాడిచెట్లు, ఈమధ్య చేపల చెరువులు కనపడతాయి. బండరాయి మాత్రం ఒక్కటీ కనపడదు. కృష్ణ మోసుకొచ్చి పోసిన ఒండ్రు నేల ఇది. పట్టాల కింద కంకరతో సహా ఇక్కడున్న రాయంతా పైనుంచి తెచ్చిందే. మా చిన్నప్పుడు గుడ్లవల్లేరులో మా ఇంట్లో రాళ్ళంటే రోలు, తిరగలి, సన్నికల్లు. మూడూ కొనుక్కొచ్చినవే. వాటి మీద పిల్లల చెయ్యి పడనిచ్చేవాళ్ళు కాదు.

ఆటల గురించి చెబుతానని రాళ్ళ గురించి చెబుతోందేమిటనుకోకండి. హంపీ వెళ్ళినవాళ్ళు మంటపాల నేలమీద చెక్కిన గళ్ళు చూసే ఉంటారు. పులిజూదం, దాడి లాంటి ఆటల గీతలవి. ఇప్పటికీ వేలికి తగులుతాయి. రాయి ఉన్న ఊళ్ళో ఆట అలా నిలిచిపోతుంది. మాకా వసతి లేదు. సుద్దముక్కతోనో, బొగ్గుతోనో, ఇటికముక్కతోనో అరుగు మీద గీసేవాళ్ళం. పొద్దున్నే అమ్మ అరుగు కడిగితే పులులూ మేకలూ అన్నీ కాలవ పాలు. సురవరం ప్రతాపరెడ్డి గారు 1949లో వచ్చిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో కావ్యాలు గాలించి పాతకాలపు తెలుగువాళ్ళ ఆటపాటలు ఏరిపెట్టారు. తెలుగుకి కేంద్ర సాహిత్య అకాడమీ తొలి బహుమతి, 1955లో, ఆ పుస్తకానికే. మా డెల్టా పిల్లల ఆటల లెక్క తీయాలంటే మాత్రం కావ్యాలూ శాసనాలూ చాలవు. అరుగులు చూడాలి, చేలు చూడాలి, పంటల క్యాలెండరు చూడాలి. ఏళ్ళ తరబడి హైస్కూల్లో సోషల్ పాఠం చెప్పినదాన్ని కనక నాకీ యావ పట్టుకుంది.

ముందు అరుగు సంగతి. అరుగు మీద రాజ్యమేలింది అష్టాచెమ్మా. ఐదు అడ్డం, ఐదు నిలువు, ఇరవై ఐదు గళ్ళు. నాలుగు వైపులా మధ్య గడిలో ఇంటూ గుర్తు, అవి ఇళ్ళు. నడిమధ్య గడి పంట. మనిషికి నాలుగు కాయలు. నాకు పగిలిన ఆకుపచ్చ గాజుముక్కలు, మా బావకి చీపురుపుల్లలు, మా మేనత్తకి వేపగింజలు, అమ్మమ్మకి కందిబద్దలు. నాలుగు గవ్వలేస్తే ఎన్ని వెల్లకిల పడితే అన్ని గళ్ళు. నాలుగూ వెల్లకిల పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే ఎనిమిది. ఆ రెండూ పడ్డవాళ్ళకి మళ్ళీ పందెం. ఇంట్లో లేని కాయని గడిలో పట్టుకుంటే చంపెయ్యొచ్చు. ఒక్క కాయనైనా చంపితేగాని లోపలి వరసలోకి దారివ్వరు. నన్నడిగితే ఈ ఆట గొప్పతనమంతా అదే. మర్యాదగా ఆడుకుపోయేవాళ్ళు బయటే ప్రదక్షిణలు చేస్తుంటారు.

గవ్వలు దొరక్కపోతే చింతపిక్కలు. వాటిని తయారుచేయడం ఒక పూట పని. పెద్ద పిక్కలు నాలుగు ఏరి, ఒక్కోదాన్ని ఒక పక్కనే అరగదీయాలి, గోధుమరంగు పోయి లోపలి తెలుపు బయటపడేదాకా. సన్నికల్లు ముట్టుకోకూడదు గనక నూతి పళ్ళేనికి వేసిన ఇటికల అంచున గీకేవాళ్ళం. ఎక్కువ అరిగితే పిక్క తేలికై ఎప్పుడూ ఒక వైపే పడుతుంది, తక్కువ అరిగితే గుండ్రంగా దొర్లుతుంది. అరిగేకొద్దీ పిక్క వేడెక్కుతుంది. ఆ వేడి పిక్కని పక్కవాడి మోచేతికి అంటించడం కూడా ఆటలో భాగమే. ఎవడో ఒకడు కెవ్వుమంటేగాని పిక్కలు సిద్ధమైనట్టు కాదు.

వామనగుంటలు పెద్దాడవాళ్ళ సొత్తు. మడత బందులున్న చెక్కపీట, రెండు వరసలు, వరసకి ఏడు గుంటలు. ఒక గుంటలో పిక్కలు తీసి తర్వాతి గుంటల్లో ఒక్కొక్కటే వేసుకుంటూ పోవడం, అయిపోతే ఆ పక్క గుంటలోవి తీసి మళ్ళీ వేయడం, ఖాళీ గుంట ఎదురైతే దాని పక్కదాంట్లో ఉన్నవి దక్కించుకోవడం. తమిళులు దీన్నే పల్లాంగుళి అంటారు, ఆఫ్రికాలోనూ దీని చుట్టాలున్నాయి. పీట లేనివాళ్ళు కాలవ గట్టున మెత్తటి ఒండ్రులో బొటనవేలితో పధ్నాలుగు గుంటలు నొక్కుకునేవాళ్ళు. మా మేనత్త పిక్కలు లెక్కపెట్టడం నేనెప్పుడూ చూడలేదు. గుంటలోకి ఒక చూపు చూసి, ఎక్కడ ఆగుతుందో ముందే తెలిసి తీసేది. బడికి పోయింది మూడో తరగతి దాకానే.

వైకుంఠపాళి అంటే నాకు అంత గౌరవం లేదు. బుర్ర పెట్టే పనేమీ ఉండదు. గవ్వలు ఎక్కించమంటే ఎక్కడం, దించమంటే దిగడం. కానీ శివరాత్రి జాగారానికి దాన్ని మించింది లేదని ఒప్పుకోవాలి. పెదకళ్ళేపల్లి నాగేశ్వరస్వామి తిరణాలకి వెళ్ళలేనివాళ్ళు ఇంట్లో పటం పరుచుకుని కూర్చునేవాళ్ళు. అర్ధరాత్రి దాటాక దాడి ఆడితే తగాదాలొస్తాయి, చదరంగం ఆడితే నిద్రొస్తుంది. పెద్దపాము నోట్లో పడ్డవాడిని చూసి నవ్వుకుంటే తెల్లారిపోతుంది. దొరలు ఈ ఆటని 1892 ప్రాంతంలో ఇంగ్లండులో పెట్టెల్లో పెట్టి అమ్మారు. పోనుపోను పాపపుణ్యాలూ పురాణాల పేర్లూ రాలిపోయి అంకెలూ పాములూ మిగిలాయి. పచ్చీసుకీ అదే గతి. ఫతేపూర్ సిక్రీలో ఆవరణ నేలమీద గడులుగా పరిచిన ఆట 1896లో ఇంగ్లండులో లూడో అనే పేరుతో పేటెంటైంది. తర్వాత అట్టముక్క మీద, ప్లాస్టిక్ కాయలతో, మన కొట్లకే తిరిగొచ్చింది. మేం పైసలు పోసి కొనుక్కున్నాం.

ఇక బయటి ఆటలు. డెల్టాలో నేలకి కొదవేమిటనుకుంటారు గాని, ఆడుకునే నేల ఏడాదిలో కొన్నాళ్ళే దొరుకుతుంది. బెజవాడ దగ్గర ఆనకట్ట 1855లో పూర్తయ్యాక కాలవల నీళ్ళు ఊరూరికీ వచ్చాయి. నీళ్ళొదిలితే నాట్లు, కార్తీకం దాటేదాకా చేలల్లో బురద. పోనీ కోతలయ్యాకనా అంటే, మా రైతు కోతకి ముందే వరిలో మినుములు చల్లేస్తాడు. వరి ఒబ్బిడి అయ్యేసరికి చేనంతా పచ్చగా మినుము. ఫాల్గుణంలో మినుము పీకి కుప్పేసేదాకా అందులో కాలు పెడితే తిట్లే. ఆ ఆనకట్టతో కాటన్ దొర మాకు అన్నం పెట్టాడు, నిజమే. పిల్లల ఆటస్థలం మాత్రం మూడు నెలలకి కుదించాడని ఆయన విగ్రహాల కింద రాయరు.

కాబట్టి ఏ ఆట ఎప్పుడాడాలో పిల్లలు ఎంచుకునేది కాదు. వానాకాలం అరుగు ఆటలు, అచ్చనగాయలు. ఆశ్వయుజంలో అట్లతద్దికి ఆడపిల్లలు చీకటితోనే లేచి గోంగూర పచ్చడితో చద్దన్నం తిని, తెల్లారేదాకా వీధిలో చెమ్మచెక్క, దాగుడుమూతలు, చెట్టుకి ఉయ్యాల. ఏడాదిలో ఆ ఒక్క రోజు చీకట్లో వీధి మాది. సంక్రాంతికి కళ్ళం. పేడతో అలికి, దిమ్మిసతో గట్టిపరచిన కళ్ళం చెడుగుడుకి భలే ఉండేది. పడ్డా దెబ్బ తగలదు. కోడిపందేల సంగతి ఇక్కడెత్తను. అవి చుట్టాలతో ఆడుకునేవి కావు, చుట్టాల్ని పోగొట్టుకునేవి.

ఎండలు ముదిరాక చేలు ఖాళీ అయ్యేవి. కానీ ఒక తిరకాసు. నల్లమట్టి ఎండకి నెర్రెలిస్తుంది, అరచెయ్యి పట్టేంత. గోళీ అందులో పడిందంటే పడిందే. నాకు తెలిసి కొన్ని వందల గోళీలు ఇప్పటికీ మా ఊరి చేల కింద ఉండి ఉండాలి. అందుకే గోళీలు దారి మీదా, కర్రాబిళ్ళ చేలోనూ ఆడేవాళ్ళు. ఏడుపెంకులాటకి మా దగ్గర రాళ్ళు లేవుగాని పెంకులు బోలెడు. పగిలిన కుండ, ఇంటి కప్పు మీంచి జారిన బెంగుళూరు పెంకు. బొంగరం వడ్రంగి చేసిస్తేనే. పల్నాటి కథలో బాలచంద్రుడి బొంగరం ఒకావిడ కాలికి తగిలి యుద్ధం మాట బయటపడిందని విన్నాక, మా వీధిలో మగపిల్లలు బొంగరం విసిరినప్పుడల్లా తామేదో వీరులైనట్టు చూసేవాళ్ళు.

ముంజల కాలంలో ఇంకో ఆట. కళ్ళు జుర్రేసిన రెండు కాయలకి మధ్య ఒక పుల్ల గుచ్చితే ఇరుసూ చక్రాలూ. పంగల కర్ర ఒకటి ఇరుసు మీద ఆనించి తోస్తే బండి. బరువుకి అది గట్టు మీద నిబ్బరంగా పోయేది. వారం తిరిగేసరికి ఎండి వంకరపోయేది. అప్పటికి కొత్త గెలలు దిగేవి. ఇంతకన్నా చవకైన బొమ్మని ఏ కంపెనీ చేయలేదు.

బల్ల మీది ఆటల్లో మా వైపు పేరు ప్రపంచానికి వినిపించింది చదరంగంతో. కోనేరు హంపి 1987లో గుడివాడలో పుట్టింది. నేర్పింది తండ్రి అశోక్ గారు. 2002లో, పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టరైంది. అప్పటికి ప్రపంచంలో ఏ ఆడపిల్లా అంత చిన్న వయసులో కాలేదు. 2019లో మాస్కోలో, 2024లో న్యూయార్కులో ప్రపంచ ర్యాపిడ్ టైటిళ్ళు గెలిచింది. మైదానం వైపు చూస్తే సి.కె. నాయుడు గారు. పుట్టింది నాగపూరులోనే గాని ఆ కుటుంబం మూలాలు బందరులో ఉన్నాయి. 1932లో లార్డ్స్‌లో మన తొలి టెస్టుకి కెప్టెన్. 1953-54లో ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీకి దిగినప్పుడు, యాభై ఎనిమిదేళ్ళ వయసులో వచ్చి ఆ జట్టుకి ఆడారు. బందరువాళ్ళు ఈ సంగతి మీకు చెప్పకుండా వదలరు.

పేకాట గురించి రెండు ముక్కలు. రమ్మీ అదృష్టం మీద నడిచేది కాదు, నేర్పు కావాల్సిన ఆట అని 1967లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసూ మన రాష్ట్రానిదే. ఆ తీర్పు తెలియకుండానే మా మావయ్యలు అదే మాట అత్తయ్యలతో వాదించేవాళ్ళు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని రాష్ట్రప్రభుత్వం 2020లో నిషేధించింది. మంచి పని చేసింది. పెళ్ళిళ్ళలో భోజనాల తర్వాత చాప మీద ఆడే పదమూడు ముక్కలకీ, అర్ధరాత్రి ఒక్కడే ఫోన్లో ఆడేదానికీ పోలిక లేదు.

1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత దివిసీమలో తుపాను షెల్టర్లు కట్టారు. తుపాను లేని రోజుల్లో ఆ నున్నటి గచ్చు మీద సుద్దతో పులిజూదం గీసుకుని కూర్చున్న పెద్దమనుషుల్ని నాగాయలంక వైపు చూశాను. మూడు పులులు, పదిహేను మేకలు. మేకలుగా చిన్న శంఖాలు, పులులుగా సోడామూతలు. ఒకాయన అరగంట మేక కదపలేదు. పక్కవాళ్ళు ఒక్కళ్ళూ తొందరపెట్టలేదు.

ఇప్పుడు మా ఇంటికి అరుగు లేదు. ప్రహరీ ఉంది. వరండాలో పరిచిన తెల్ల పాలరాయి మీద సుద్దగీత కనపడదు. వీధి చివరి మినుము చేను చేపల చెరువైంది. సంక్రాంతికి హైదరాబాదు నుంచి, డాలస్ నుంచి పిల్లలు దిగితే వాళ్ళ సంచుల్లో ఊనో, మోనోపలీ ఉంటాయి. ఊనో మంచి ఆటే, నానమ్మలు కూడా పది నిమిషాల్లో పట్టేస్తారు. మోనోపలీ నాకు నచ్చదు. గంటన్నర ఆడాక ఇద్దరు మిగులుతారు, తక్కినవాళ్ళు టీవీ దగ్గరికి పోతారు. కార్తీక వనభోజనాల్లో తంబోలా ఆడిస్తారు. నలభై మందికి అది సరిపోతుంది గాని అంకెలు కొట్టేయడం తప్ప పక్కవాడితో పనుండదు. పదిమంది కలిసిన ఇంట్లో ఏ ఆట తీయాలని అడిగితే నేను చూసేది ఒక్కటే: ఎనిమిదేళ్ళవాడు డెబ్భై ఏళ్ళావిడని నిజంగా ఓడించగలడా, ఓడించాక ఆవిడ వాణ్ణి నాలుగు మాటలనే వీలుందా. ఆ లెక్కన అష్టాచెమ్మా ముందుంటుంది, దాని వెనక ఏడుపెంకులాట.

పాత ఫ్లెక్సీ వెనకవైపు తెల్లగా ఉంటుంది. దాని మీద మార్కరుతో గళ్ళు గీశాం. చుట్టి బీరువా మీద పెట్టుకోవచ్చు. గవ్వలు గుడివాడలో పూజాసామగ్రి కొట్లో కొన్నాం. ఏడేళ్ళలోపు పిల్లలకి ఎవర్నీ చంపకుండానే లోపలి వరసలోకి పోయే వెసులుబాటు ఇస్తున్నాం. మా మేనత్త ఉంటే చచ్చినా ఒప్పుకునేది కాదు.