శుకసప్తతి మొదలు చలచ్చిత్రమాలల వఱకు: శృంగారకథలయెడ గతాభిమానము

ఉత్కంఠాశబ్దమునకు మెడ నిక్కించుట యని వ్యుత్పత్తివలన వచ్చు నర్థము. పోయినదానినో, రానున్నదానినో చూడఁగోరి మెడ సాఁచినవాని స్థితియే ఉత్కంఠ. అట్లు చూచువానికి ఎత్తైన శిఖరములు గోచరించును గాని నడుమనున్న లోయలు గోచరింపవు. పూర్వకాలపు శృంగారకథలను గూర్చి నేఁడు వినవచ్చు పొగడ్తలయందును ఈ లక్షణమే కలదు. నాఁటి శృంగారమునఁ గథ యుండెననియు, హాస్యముండెననియు, మఱుఁగుండెననియు, నేఁటిదానియందు దేహప్రదర్శనము దక్క మఱేమియు లేదనియు పలువురు చెప్పుచుందురు. ఈ మాట యెంతవఱకు సత్యమో విచారించుట యీ వ్యాసమున కుద్దేశము.

ఇట్టి యభిమానము మనకే పరిమితమైనది కాదు. పశ్చిమ జర్మనీదేశమున 1967వ సంవత్సరమున ఆరోగ్యశాఖవారి ప్రోత్సాహముతో ‘హెల్గా’ యను దేహధర్మబోధకమైన చలచ్చిత్రము వెలువడెను. మఱుసటి యేఁట ఓస్వాల్ట్ కొల్లే యను పత్రికారచయిత దాంపత్యవిషయమును బోధించు చిత్రమును వెలువరించెను. బోధనకుఁ దెఱచిన తలుపునుండి వినోదమును లోనఁ బ్రవేశించెను. 1973లో బవేరియా కొండపల్లెలు రంగముగా, తోలుచల్లడములు దొడిగిన గ్రామీణులు పాత్రలుగా, నొక హాస్యశృంగార చిత్రమాల మొదలయ్యెను. అందలి మొదటి చిత్రపుఁ బేరు, మాస్కోనుండి ప్రేమాభివందనములను పంపు సుప్రసిద్ధ గూఢచారిచిత్రపు జర్మను నామమునకుఁ బరిహాసానుకరణము. ఆ 1973లోనే వారి శిక్షాస్మృతి సవరింపఁబడెను. అశ్లీలచిత్రములకు సంబంధించిన క్రొత్త నియమములు 1975లో అమలునకు వచ్చెను. పిమ్మట వీడియో కాసెట్టు ప్రబలి ప్రేక్షకుఁడు చిత్రశాలను విడిచి యింటఁ గూర్చుండెను. చిత్రశాలలో పదుగురు గూడి నవ్వుకొన్న కథ, ఒంటరిగాఁ జూచువానికి అనావశ్యకమయ్యెను. ఆ పాత మాలలను దలఁచి నిట్టూర్చువా రక్కడ నేఁడును గలరు.

మనదేశమున దీనికి సాటియైనదానిని చలచ్చిత్రములయందుఁ గాక కావ్యములయందు వెదకవలెను. శుకసప్తతి, హంసవింశతి యను పేళ్లలోనే సప్తతి, వింశతి యను సంఖ్యాశబ్దములు నిలిచి, ఇవి కథామాలలని చాటుచున్నవి. చిలుక చెప్పినవి 70 కథలు; హంస చెప్పినవి 20.

సంస్కృతశుకసప్తతియందలి కథాసూత్ర మిట్టిది. మదనుఁడను వర్తకపుత్రుఁడు దేశాంతరము పోఁగా, భార్యయగు ప్రభావతి పరపురుషునికడ కేఁగ నుద్యుక్తురాలయ్యెను. ఇంట నొక శారికయు నొక చిలుకయు నుండెను. శారిక, ఇది యధర్మమని నిష్ఠురముగా వారించెను. ప్రభావతి దాని మెడ నులుమఁబోఁగా నది యెగిరిపోయెను. చిలుక యట్లు చేయలేదు. వెళ్లఁదగునని యొప్పుకొని, ‘ఆపద వచ్చినపుడు ఫలానియామెవలె యుక్తి తోఁచునేని వెళ్లుము’ అని కథ నారంభించెను. కథలోని నాయిక మగనికిఁ బట్టువడు చోట నాఁపి, ‘ఇపుడామె యేమి చేయవలెను?’ అని ప్రభావతినే యడిగెను. ఆమె యాలోచించుచుండఁగనే రాత్రి గడచెను. ఇట్లు ప్రతిరాత్రియు జరుగఁగా మగఁడు తిరిగివచ్చెను. నిషేధించిన శారికకుఁ బలాయనమే మిగిలెను. కథ చెప్పిన చిలుక గృహమును నిలిపెను. ఈ కథామాల రహస్యమంతయు నిచ్చటనే యున్నది. ప్రతికథయందును కోరిక వర్ణింపఁబడును. సూత్రకథయందు మాత్రమది వాయిదా పడుచుండును.

ఈ చిలుక దేశములు తిరిగినది. 1330 ప్రాంతమున నఖ్షబీ దానిని పారసీభాషలో ‘తూతీనామా’గా 52 రాత్రుల కథ గావించెను. 1639లో గోలకొండ యబ్దుల్లా కుతుబ్‌షా కాలమున గవ్వాసీ యను కవి దక్కనీభాషలో దానిని పద్యకావ్యముగా రచించెను. 1858లో గెయోర్గ్ రోజన్ తురుష్కభాషయందలి తూతీనామాను జర్మనులోనికిఁ దెచ్చెను. రిచర్డ్ ష్మిట్ అను జర్మను పండితుఁడు సంస్కృత శుకసప్తతి మూలమును 1893లోఁ బ్రకటించి, మఱుసటి యేఁట భాషాంతరీకరించెను. 1897లోఁ గామసూత్రమును సైతము జర్మనులోనికిఁ దెచ్చెను. కావున తోలుచల్లడముల చిత్రములకు 80 ఏండ్లకుఁ బూర్వమే జర్మనులు మన చిలుక పలుకులను వినియుండిరి.

తెనుఁగున శుకసప్తతిని పాలవేకరి కదిరీపతి రచించెను. డెబ్బది కథలును పూర్తిగా మనకు దక్కలేదు. దాని నొరవడిగాఁ గొని అయ్యలరాజు నారాయణామాత్యుఁడు హంసవింశతిని నిర్మించెను. అందు విష్ణుదాసుఁడను వర్తకుని భార్యయగు హేమవతిని చిత్రభోగుఁడను రాజు కోరును. హంస రాత్రికొక కథ చెప్పి యామె నాఁపును. సంస్కృతమూలము నిరాడంబరముగా నడచునది. తెనుఁగుకవులో, కథ కడ్డము వచ్చిన ప్రతివస్తువును దఱచి చూచిరి. వర్తకుఁడు దుకాణములో నేమేమి యమ్మెను, కాఁపువాని యింట నేయే పనిముట్లుండెను, పిల్ల లేయే యాటలాడిరి, స్త్రీలేయే నగలు పెట్టిరి — ఇవన్నియు జాబితాలుగా నందుఁ గలవు. శృంగారమునకై గ్రంథమును దెఱచినవానికి ఇవి విసుగు. శృంగారమునకు జడిసి మూసినవానికి ఇవి కనఁబడనే కనఁబడవు.

వీనిని గుర్తించిన మహనీయుఁడు గోలకొండ పత్రికాసంపాదకుఁడగు సురవరము ప్రతాపరెడ్డిగారు. 1949లో వెలువడిన తమ ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’యందు, రాజుల శాసనములు చెప్పని సామాన్యుల జీవితమును ఈ కథామాలలనుండియే వారు విరివిగా సంగ్రహించిరి. 1955లో నా గ్రంథమునకుఁ గేంద్రసాహిత్య అకాడమీ బహుమానము లభించెను. పరిషత్తులు బూతని పెడఁబెట్టిన పుస్తకమే చరిత్రకారునకు ఆధారగ్రంథమైనది.

ఇఁక శారికామార్గము ననుసరించినవారి సంగతి. కథామాల కాకపోయినను రాధికాసాంత్వనము గతి యిచట స్మరింపఁదగినది. తంజాపురమున ప్రతాపసింహుని (1739–1763) యాస్థానమందు ముద్దుపళని దీనిని రచించెను. 1887 నాఁటి ముద్రణమందుఁ గొన్ని పద్యములు విడువఁబడెను. కందుకూరి వీరేశలింగము పంతులుగా రీ కావ్యమును నిందించిరి. బెంగుళూరు నాగరత్నమ్మగారు వ్రాఁతప్రతిని సంపాదించి, లోపములఁ గనుఁగొని, 1910లో వావిళ్లవారిచేఁ బూర్ణముగా ముద్రింపించిరి. మఱుసటి యేఁట ప్రభుత్వము దానిపై నశ్లీలదోషము మోపెను. టంగుటూరి ప్రకాశముగారు చెన్నపురి ప్రధానిగా నున్న కాలమునఁ గాని యా నిషేధము తొలఁగలేదు. 1952లో వావిళ్లవారు మరల ముద్రించిరి. సాహిత్యకళాశాస్త్రముల ప్రయోజనమునకై వెలువడిన గ్రంథములకు మినహాయింపు మన శిక్షాస్మృతిలోనికి 1969లో వచ్చెను. ఇంతకాలము కావ్యము దాఁచఁబడుటవలన దాని కొక వింత కీర్తి కలిగెను. చదువనివారు దానియందు లేనిదానిని సైతము ఊహించుకొనిరి. నిషేధమే గతాభిమానమునకుఁ బెంపుడు తల్లి యయ్యెను.

అట్లని పూర్వపుదంతయు శ్లాఘ్యమనుట న్యాయము కాదు. దీనికిఁ గొలమానము మా నల్లగొండ సీమయందే లభించుచున్నది. మాడుగులపల్లి, మిర్యాలగూడ ప్రాంతములవారికి రాచకొండ పరదేశము కాదు. రాచకొండ నేలిన రేచర్ల సర్వజ్ఞ సింగభూపాలుఁడు తన రసార్ణవసుధాకరమున శృంగారాభాసమును విభజించుచు, అరాగమును అనేకరాగమును గూడఁ గారణములుగాఁ బేర్కొనెను. ఇరువురిలో నొకరికి రాగము లేనిచో నది శృంగారము కాదు, ఆభాసమని తాత్పర్యము. ఆభాసమనఁగా అది యగునట్లు తోఁచి, అది కానిది. ఈ నిర్ణయము గ్రామ్యపదము లెన్ని యున్నవని లెక్కించునది కాదు. స్త్రీ మనస్సున నేమి యున్నదని యడుగునది.

ఈ గీటుఱాతిపై నొరసినచోఁ గథామాలలయందలి కథలన్నియు నొక్కవన్నెకు రావు. కొన్నిట నాయిక తన బుద్ధిచేతఁ దన్ను దాను రక్షించుకొనును. అచట హాస్యము నిర్మలము. మఱికొన్నిట స్త్రీ వంచింపఁబడినదే హాస్యమగును. అచట రసము లేదు. గతాభిమాని మొదటివానిని దలఁచి రెండవవానిని మఱచును.

చలచ్చిత్రముల విషయమున నీ ప్రశ్న మఱింత తీక్ష్ణము. ప్రభావతి మాటలతోఁ గట్టఁబడినది. చదువరి గ్రంథమును మూసినచో నామెకు హాని లేదు. చిత్రమందలి స్త్రీ నిజశరీరముతో నిలిచినది. ఆమె మనఃపూర్వకముగా నిలిచెనా, కూలి సరిగా ముట్టెనా, యేఁబది యేండ్ల పిదప నా చిత్రము మరల నాడుచుండఁగా నామె సమ్మతి నెవరైన నడిగిరా — ఇవన్నియు విచారింపక, ‘ఆ కాలమే వేఱు’ అని నిట్టూర్చుట ప్రేక్షకునిసుఖమును మాత్రమే స్మరించుట. తెరపైఁ గనఁబడినది రాగమో, ఆభాసమో తెలిసికొనకయే పొగడుట రసజ్ఞలక్షణము కాదు.

కావున శారిక మార్గమును గాని, కేవలాభిమాని మార్గమును గాని మనకుఁ దగవు. ఒకఁడు పద్యములను గోసివైచును. వేఱొకఁడు వానినే యేఱుకొని తక్కినవానిని విడుచును. ఇరువురిచేతను గ్రంథము ఖండితమే యగుచున్నది. పరిశోధకుఁడు చేయఁదగినది, గ్రంథమును సమగ్రముగా నుంచి, కోరికను, హాస్యమును, కాఁపువాని పనిముట్లను, స్త్రీకి జరిగిన యన్యాయమును గూడ నొక్కచోటనే చూపుట. శుకసప్తతి తెనుఁగుప్రతులయం దింకను లోపములున్నవి. చెన్నపురి, తిరుపతి, హైదరాబాదు ప్రాచ్యలిఖిత భాండాగారములందలి తాళపత్రములను సరిపోల్చి, విడిచిన పద్యములను జేర్చి, జాబితాలందలి వృత్తిపదములకు టిప్పణములు వ్రాసి, సమగ్రముద్రణము వెలువరింప నుత్సాహవంతులగు పండితులు పూనుకొందురుగాక.