రహీం పోయాక మిగిలినవాళ్లు

మంగళగిరిలో జాతీయ రహదారి పక్కన ఆంధ్రప్రదేశ్ ప్రత్యేక పోలీసు ఆరో బెటాలియన్ ఉంది. రాష్ట్రం విడిపోయాక డీజీపీ కార్యాలయం కూడా ఆ ప్రాంగణానికే వచ్చింది. ఆ దారిన రోజూ వేలమంది పోతుంటారు. ఒకప్పుడు ఫుట్‌బాల్ మైదానంలో ‘ఆంధ్ర పోలీస్’ అన్న పేరు వింటే కలకత్తా జట్లు సైతం ఒళ్లు దగ్గర పెట్టుకునేవన్న సంగతి వాళ్లలో ఎందరికి తెలుసు? హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు రాష్ట్రావతరణ తర్వాత ఆ పేరు పెట్టుకుంది. రెండు పేర్ల మీదా కలిపి రోవర్స్ కప్ తొమ్మిదిసార్లు, డ్యూరాండ్ కప్ నాలుగుసార్లు గెలిచింది. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ బొంబాయి నుంచి హైదరాబాద్‌కే వచ్చింది. ఇవాళ ఆ జట్టు జ్ఞాపకాలన్నీ అక్కడే, అదీ పాతతరం అభిమానుల కబుర్లలోనే ఉండిపోయాయి. పేరు మాత్రం పోలీసుశాఖతో పాటు కృష్ణ ఇవతలి ఒడ్డుకు చేరింది. పేరుకు వారసులమైనప్పుడు ఆ కథను సరిగ్గా తెలుసుకోవాల్సిన బాధ్యత కూడా మనదే. ‘సరిగ్గా’ అనడానికి కారణం ఉంది. అభిమానులు చెప్పుకునే కథలో ఒక పెద్ద తప్పు దొర్లింది.

ఆ కథ సాగే వరస ఇది. మొదట రహీం సాబ్. ఆయన తీర్చిదిద్దిన ఆటగాళ్లు, మెల్‌బోర్న్, జకార్తా. తర్వాత ఒక నిట్టూర్పు. ఆపైన ‘అంతటివాడు మళ్లీ రాలేదు’ అన్న మాటతో కథ కంచికి. సయ్యద్ అబ్దుల్ రహీం అంతటి శిక్షకుడు మళ్లీ రాలేదన్నది ముమ్మాటికీ నిజం. ఆయన తర్వాత వచ్చినవాళ్లు తక్కువవాళ్లు కాబట్టే హైదరాబాద్ ఫుట్‌బాల్ పడిపోయిందన్నది మాత్రం అబద్ధం. తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, ఆ రెండో మాట నిలబడదు. చనిపోయిన మహానుభావుణ్ని పొగిడే వేడిలో, బతికుండి ఆడినవాళ్లకు అరవై ఏళ్లుగా అన్యాయం చేస్తున్నాం.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. వృత్తిరీత్యా బడిపంతులు. ఉస్మానియాలో డిగ్రీ చదివి, నగరంలోని పాఠశాలల్లో పాఠాలు చెబుతూనే ఫుట్‌బాల్ ఆడారు. 1940ల తొలినాళ్ల నుంచి కన్నుమూసేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. 1950 నుంచి సిటీ పోలీస్ జట్టుకు, భారత జట్టుకు కూడా శిక్షకుడు. ఆయన గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా పతకాలు లెక్కపెడతారు. ఆయన అసలు గొప్పతనం అంతకంటే కింద, పిల్లల పోటీల్లో కనిపిస్తుంది. హైదరాబాద్‌లో ఆయన విచిత్రమైన నియమాలతో టోర్నీలు పెట్టించారు. ఒకదానిలో డ్రిబ్లింగ్ చేయకూడదు, బంతి అందగానే పాస్ ఇచ్చేయాలి. ఇంకోదానిలో వాటం లేని కాలితోనే తన్నాలి. కుడికాలి వాటం ఉన్న కుర్రాడు ఎడమకాలితో బంతిని తంతే మొదట అది ఎటో పోతుంది. ఒంటి బరువు ఏ కాలి మీద ఆపుకోవాలో తెలియక తూలతాడు. నాలుగు ఆటలయ్యేసరికి నడుము తిప్పడం వస్తుంది, మడమ ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. ఆ టోర్నీ పూర్తయ్యేసరికి వాడికి రెండు కాళ్లున్నట్టు లెక్క. దీనికి విదేశీ శిక్షకుడు అక్కర్లేదు, పెద్ద స్టేడియం అక్కర్లేదు. ఒక బంతి, ఒక నియమం, ఆ నియమాన్ని పట్టుదలగా అమలుచేసే ఒక మాస్టారు ఉంటే సరిపోతుంది.

పెద్ద వేదిక మీద ఆయన బుర్ర ఎలా పనిచేసిందో చెప్పడానికి జకార్తా ఒక్కటి చాలు. 1962 ఆసియా క్రీడలు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓటమి. తర్వాత థాయ్‌లాండ్‌తో ఆటలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. ఇంకొకరైతే అతణ్ని ఇంటికి పంపేవారు. తలకు దెబ్బ తగిలినవాణ్ని వెనకవైపు ఉంచితే ప్రమాదమని, రహీం అతణ్ని తీసుకెళ్లి ముందువరసలో సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద 3–2తో గెలిచిన ఆటలో జర్నైల్ గోల్ కొట్టాడు. సెప్టెంబరు 4న ఫైనల్. ఎదురుగా మళ్లీ అదే కొరియా. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను ఇండోనేషియా రానివ్వకపోవడాన్ని భారత క్రీడాధికారి ఒకరు తప్పుపట్టారన్న కోపంతో స్టేడియమంతా మనవాళ్లకు వ్యతిరేకంగా హోరెత్తుతోంది. 17వ నిమిషంలో పీకే బెనర్జీ గోల్ కొట్టాడు. 20వ నిమిషంలో జర్నైల్ రెండోది కొట్టాడు. చివర్లో కొరియా ఒకటి తిరిగి ఇచ్చినా 2–1తో స్వర్ణం మనదైంది. గోల్ ముందు నిలిచిన పీటర్ తంగరాజ్, ముందువరసలో తులసీదాస్ బలరాం, యూసుఫ్ ఖాన్ హైదరాబాద్ మైదానాల్లో ఎదిగినవాళ్లే. ఆ రోజుకే రహీంను క్యాన్సర్ తినేస్తోంది. తొమ్మిది నెలల తర్వాత, 1963 జూన్ 11న, 53 ఏళ్ల వయసులో పోయారు. కథ అక్కడ ఆగిపోతే ఎవరి గుండెకైనా అదే చివరి అధ్యాయం అనిపిస్తుంది. అభిమానుల జ్ఞాపకం పొరబడింది సరిగ్గా ఇక్కడే. ఒక మనిషి మరణాన్ని ఒక ఆట మరణంగా చదువుకుంది.

జ్ఞాపకం చేసిన ఇంకో పని, ఆయన ఓటముల్ని తుడిచేయడం. 1952 హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10–1తో చిత్తయింది కూడా రహీం జట్టే. చలిలో మనవాళ్లు ఎక్కువమంది బూట్లు లేకుండా ఆడారు. 1960 రోమ్‌లో ఫ్రాన్స్‌తో 1–1 డ్రా గొప్పగా చెప్పుకుంటాం. హంగరీ, పెరూ చేతుల్లో ఓడి గ్రూపు దశలోనే వెనక్కొచ్చామన్నది చెప్పుకోం. ఇవి చెప్పడం ఆయన్ని తగ్గించడానికి కాదు. హెల్సింకీ ఓటమి నుంచి నేర్చుకుని, నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి, ఒలింపిక్స్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టును తయారుచేశారన్నదే ఆయన ఘనత. మరి రహీంకు నాలుగేళ్లు గడువిచ్చిన మనం, తర్వాతివాళ్లను మొదటి ఓటమితోనే ఆయన పక్కన నిలబెట్టి కొలవడం ఏ న్యాయం?

ఇక ఆ తర్వాతివాళ్ల లెక్క చూద్దాం. రహీం పోయిన సీజన్‌లోనే, 1963–64లో, ఆంధ్ర పోలీస్ మళ్లీ రోవర్స్ కప్ గెలిచింది. 1965–66లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జట్ల పోటీ సంతోష్ ట్రోఫీ ఎత్తింది. ఫైనల్లో ఎదుట ఉన్నది బెంగాల్. మొదటి ఆట 1–1తో సమమైతే, మళ్లీ ఆడి 1–0తో గెలిచారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో భారత్‌కు కాంస్యం వచ్చింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు దక్కిన చివరి పతకం అదే. ఆ జట్టు నాయకుడు హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్. తర్వాత ఆయన శిక్షకుడై 1990లో ద్రోణాచార్య పురస్కారం కూడా అందుకున్నారు. అదే జట్టులో ఆడిన మహమ్మద్ హబీబ్, 1977 సెప్టెంబరు 24న ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ మీద మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టాడు. ఆట 2–2తో ముగిసింది. 1974లో ఆసియా యూత్ టైటిల్‌ను ఇరాన్‌తో పంచుకున్న భారత జట్టుకు నాయకుడు షబ్బీర్ అలీ, ఆయనదీ హైదరాబాదే. ఈ పేర్లున్న వరసను ‘తక్కువ వారసులు’ అని ఎవరైనా అంటే, వాళ్లు ఆట చూడలేదనుకోవాలి, లేదా రహీంను తప్ప ఇంకెవర్నీ చూడదల్చుకోలేదనుకోవాలి.

మరి ఆట ఎందుకు పడిపోయింది? పై లెక్కలోనే జవాబుంది. హబీబ్ గోల్ కొట్టింది మోహన్ బగాన్ చొక్కాతో. నయీముద్దీన్ పేరు పండింది కలకత్తాలోనే. వాళ్లకంటే ముందే, రహీం బతికుండగానే, 1957లో బలరాం ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిపోయాడు. 1961లో ఆ జట్టుకు నాయకుడై, కలకత్తా లీగ్‌లో 23 గోల్స్ కొట్టాడు. హైదరాబాద్ ఇవ్వగలిగింది పోలీసు ఉద్యోగం, దాని జీతం, ఆడుకోవడానికి మైదానం. కలకత్తా ఇచ్చింది వేలాది టికెట్లు కొనే జనాన్ని, వాళ్ల డబ్బుతో నడిచే క్లబ్బులను. మొదటిది ఆటగాణ్ని పుట్టించగలదు, రెండోది నిలుపుకోగలదు. హైదరాబాద్ పుట్టిస్తూనే ఉంది, నిలుపుకోలేకపోయింది. కొన్నాళ్లకు పుట్టించే బడి మైదానాలూ కుంచించుకుపోయాయి. ప్రతిభ తగ్గడం ఈ వరసలో చిట్టచివర జరిగింది. అభిమానులు దాన్ని తెచ్చి మొదట నిలబెట్టారు.

మన పిల్లలు వేలల్లో స్థిరపడిన అమెరికాలో ఇదే కథ రెండు విధాలుగా కనిపిస్తుంది. వాళ్ల ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి చేతికందాక రెండుమూడు సెకన్లలో ఎవరికి విసరాలో తేల్చుకుని జట్టును నడిపే ఆటగాడు. మయామీ జట్టుకు డాన్ మరీనో 1999 సీజన్ దాకా ఆడాడు. ఆ తర్వాత వచ్చినవాళ్లందర్నీ అభిమానులు వేళ్ల మీద లెక్కపెట్టి పెదవి విరుస్తూనే ఉన్నారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో నాలుగు టైటిళ్లు గెలిపించిన జో మొంటానా స్థానంలోకి స్టీవ్ యంగ్ వచ్చినప్పుడు కూడా జనం అలాగే పెదవి విరిచారు. 1995 జనవరిలో అక్కడి ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో యంగ్ ఆరు టచ్‌డౌన్ పాస్‌లు విసిరి, మొంటానా పేరిట ఉన్న ఐదు రికార్డును దాటేశాడు. యంగ్ ప్రతిభావంతుడే, సందేహం లేదు. దానికి తోడు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆట ఆడించే పద్ధతి, చుట్టూ ఉన్న జట్టు చెదరకుండా నిలిచాయి. అందుకే వారసుడు వారసుడిలా కనిపించాడు. మంగళగిరి వాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. ఇక్కడ నిజాం అంచు చీర ఇప్పటికీ నేస్తున్నారంటే గుంట మగ్గం, పడుగు చేసేవాళ్లు, నూలుకు రంగు వేసేవాళ్లు, సరుకు కొనేవాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టే. రేపు ఒక మగ్గం మూతపడితే, తండ్రంతటి పనివాడు కాదని కొడుకును నిందించే నేతగాడు ఈ ఊళ్లో ఉండడు. నూలు ధర ఎంతైందో, కొనేవాళ్లు ఏమయ్యారో ముందు అడుగుతాడు.

ఈ వాదనకు రెండు అభ్యంతరాలు ఎదురవుతాయి. క్రికెట్ వచ్చి ఫుట్‌బాల్‌ను మింగేసిందన్నది మొదటిది. నవులూరు దగ్గర కట్టిన అంతర్జాతీయ క్రికెట్ స్టేడియాన్ని చూపించి మరీ ఈ మాట అనవచ్చు. కానీ కపిల్ దేవ్ సేన ప్రపంచకప్ ఎత్తింది 1983లో. ఆంధ్ర పోలీస్ చివరి రోవర్స్ కప్‌కు, ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీకి అప్పటికే దాదాపు రెండు దశాబ్దాలు నిండాయి. క్రికెట్ వచ్చేటప్పటికి ఇల్లు ఖాళీగా ఉంది. రెండో అభ్యంతరం బరువైనది, దాన్ని తేలిగ్గా తోసెయ్యలేం. ‘వ్యవస్థ, వ్యవస్థ అంటున్నారు, ఆ వ్యవస్థే రహీం కదా? కార్యదర్శి ఆయనే, శిక్షకుడు ఆయనే, పిల్లల టోర్నీలు పెట్టిందీ ఆయనే’ అని అడగవచ్చు. ఇందులో నిజముంది. అన్ని బాధ్యతలూ ఒకే భుజం మీద ఉండటం వల్లే ఆ పని అంత చురుగ్గా సాగింది. ఆ కారణంగానే ఆ భుజం వాలిపోయాక మోయడానికి ఎవరూ సిద్ధంగా లేరు. అయితే ఇది తర్వాతి ఆటగాళ్ల మీద మోపాల్సిన నేరం కాదు. సంఘాన్ని నడిపినవాళ్లు, ఆయన కార్యదర్శిగా ఉన్న ఇరవై ఏళ్లలో ఆయన పద్ధతిని కాగితం మీద పెట్టి పదిమంది మాస్టార్లకు నేర్పించలేకపోయిన వాళ్లు జవాబు చెప్పాల్సిన మాట అది. రహీం మీద ప్రేమ ఉన్న అభిమాని అడగాల్సిన ప్రశ్న కూడా అదే.

నిలుపుకోలేని ఆ పాత పొరపాటే మన కళ్లముందు మళ్లీ జరిగింది. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ, స్పెయిన్ శిక్షకుడు మనోలో మార్కెజ్ చేతిలో 2022 మార్చిలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ విజేత అయింది. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. విజేత జట్టును నగరం నాలుగేళ్లు నిలుపుకోలేకపోయింది. రేపెప్పుడో ‘మనోలో తర్వాత అంతటివాడు రాలేదు’ అని చెప్పుకుంటారేమో. వచ్చినా, వచ్చి నిలబడటానికి చోటేది?

కృష్ణా, గుంటూరు జిల్లాల ఉన్నత పాఠశాలల్లో మైదానాలు ఇంకా ఉన్నాయి, వ్యాయామ ఉపాధ్యాయులూ ఉన్నారు. సిటీ పోలీస్, ‘ఆంధ్ర పోలీస్’ పేర్ల మీద ఒకప్పుడు తొమ్మిది రోవర్స్ కప్పులు గెలిచిన శాఖ మంగళగిరిలోనే ఉంది. రహీం జయంతి ఆగస్టు 17, పంద్రాగస్టు జెండా దిగిన రెండు రోజులకు. ఆ రోజు ఈ చుట్టుపక్కల బడిపిల్లలకు పోలీసుశాఖ ఒక పోటీ పెట్టవచ్చు. జట్టుకు పదకొండుమంది, ఒక్కటే నియమం, వాటం లేని కాలితోనే తన్నాలి.