పైల్ పునాదులకు ధ్వని పరీక్ష

భవనం, వంతెన బరువును మెత్తటి పైపొరలు దాటించి లోతులోని గట్టి నేలకు చేర్చే కాంక్రీట్ స్తంభమే పైల్. బోరు తవ్వి అక్కడే పోతపోసే పైల్ లోపల ఏముందో కంటికి కనబడదు. బోరు గోడ విరిగిపడినా, కాంక్రీట్ దింపే ట్రెమీ గొట్టాన్ని తొందరపడి పైకి లాగినా పైల్ నడుము సన్నబడవచ్చు, మధ్యలో మట్టి చేరవచ్చు, ఒక్కోసారి పైల్ తెగిపోనూవచ్చు.

సుత్తి దెబ్బ పైల్‌లో తరంగంగా సాగుతుందన్న అవగాహనతో ఆస్ట్రేలియా ఇంజనీరు డి.వి. ఐజాక్స్ 1931లోనే విశ్లేషణ చేశాడు. అమెరికాలో ఇ.ఎ.ఎల్. స్మిత్ 1960లో ఆ లెక్కను కంప్యూటర్‌కు ఒదిగేలా మలిచాడు. ఈ రెండూ నేలలోకి దిగగొట్టే పైల్స్ కోసం చేసినవి. పోతపోసిన పైల్ తలపై కంపనం పుట్టించి, స్పందనను బట్టి లోపలి స్థితిని అంచనా వేసే మార్గాన్ని ఫ్రాన్స్‌లో జాన్ పాకే 1968లో ప్రచురించాడు.

నేటి పరీక్షకు చేతిసుత్తి, కంపనాన్ని కొలిచే యాక్సిలరోమీటర్, చిన్న కంప్యూటర్ చాలు. మంచి కాంక్రీట్‌లో తరంగం సెకనుకు దాదాపు 4,000 మీటర్లు పోతుంది. 20 మీటర్ల పైల్ అడుగును తాకి పైకి రావడానికి 10 మిల్లీసెకన్లు పడుతుంది. 4 మిల్లీసెకన్లకే ప్రతిధ్వని వస్తే, 8 మీటర్ల లోతున ఏదో తేడా ఉందని అర్థం. బాగా పొడవైన పైల్స్‌లోనూ, బిగువైన నేలలోనూ అడుగు ప్రతిధ్వని మధ్యలోనే అణగిపోతుంది. అందుకే పెద్ద పైల్స్‌లో ముందే గొట్టాలు అమర్చి నీటితో నింపుతారు. ఒక గొట్టం నుంచి మరో గొట్టానికి అల్ట్రాసోనిక్ తరంగాలు పంపి, అడుగు నుంచి పైదాకా కాంక్రీట్‌ను పరిశీలిస్తారు.

భారతీయ ప్రమాణాల సంస్థ ఈ పరీక్షలకు 2001లో ఐఎస్ 14893 మార్గదర్శకాలు తెచ్చింది. ఈ పరీక్షలు అవసరమయ్యే చోటుకు ఒక ఉదాహరణ: తాపీ నది ఒండ్రు మీద నిలిచిన సూరత్‌లో మెట్రో పనులకు 2021 జనవరిలో శంకుస్థాపన జరిగింది. సర్థాణా నుంచి డ్రీమ్ సిటీకి వెళ్లే మార్గం నగర నైరుతిలోని ఆల్థాన్ మీదుగా పైవంతెనపై సాగుతుంది. ఇలాంటి వంతెనల్లో స్తంభం కింది పైల్స్ తలలన్నిటినీ కలిపి పైల్ క్యాప్ పోస్తారు. అది పోశాక వాటి తలలు అందవు కనుక, సుత్తి పరీక్ష అంతకుముందే పూర్తికావాలి.

ధ్వని పరీక్ష పైల్ నిండుగా ఉందో లేదో చెబుతుంది. ఎంత బరువు మోయగలదో తేల్చాల్సింది మాత్రం లోడ్ టెస్టే. ఒకటి చేశామని రెండోది మానడం తగదు.