ధాన్యకటకపు గంధికులు

అమరావతి స్తూపపు దానశాసనాలు చదివేవారి చూపు మొదట రాజుల పేర్ల మీదికి పోతుంది. నన్ను పట్టి నిలిపింది మాత్రం వేరొక చిన్నమాట: ‘గంధిక’. స్తూపానికి రాయి చెక్కించి ఇచ్చిన దాతల్లో గృహస్థులూ, భిక్షుణులూ, విధికుడనే చర్మకారుడూ ఉన్నట్టే, సుగంధద్రవ్యాల వర్తకులూ ఉన్నారు. గుజరాతులో ‘గాంధీ’ అన్న ఇంటిపేరు ఈ మాటనుంచి వచ్చినదే.

వీరి ఊరు ధాన్యకటకం, నేటి పల్నాడు జిల్లాలోని ధరణికోట. ఇక్కడ 1960ల తొలి సంవత్సరాలలో జరిగిన తవ్వకాల్లో పడవలు వచ్చే కాలువ, దానిని ఆనుకొని రేవుకట్ట బయటపడ్డాయి. కృష్ణ మీదుగా సముద్రానికి దారి ఉన్న పట్టణంలో గంధికునికి సరుకు కొరత ఉండదు. కాని అతడు అమ్మినది ఏమిటి? నేడు మనం చిన్న సీసాలో కొనే అత్తరువంటి తైలమేనా? నాకు ఆసక్తి కలిగించినది ఈ ప్రశ్న.

సుగంధాన్ని రాబట్టడానికి ముఖ్యంగా రెండు మార్గాలున్నాయి. ఒకటి తైలపాకం: నూరిన ముద్ద ఒక పాలు, నువ్వులనూనె నాలుగు పాళ్లు, కషాయం పదహారు పాళ్లు కలిపి, నీరంతా ఇగిరేదాకా కాచడం. వాసన నూనెలో దిగుతుంది. రెండవది బట్టీ పట్టడం. లవంగతైలానికి ప్రాణమైన యూజినాల్ విడిగా మరగాలంటే సుమారు 254 డిగ్రీల వేడి కావాలి. నీటి ఆవిరితో కలిస్తే 100 డిగ్రీలలోపే పైకి వస్తుంది. ఆ ఆవిరిని చల్లబరిస్తే నీరూ నూనే వేరుపడతాయి. చాలా తైలాలు నీటిపై తేలుతాయి, లవంగతైలం అడుగుకు చేరుతుంది.

గాంధారంలో మట్టి బట్టీపాత్రలు దొరికాయని, కనుక ప్రాచీనులకు స్వేదనం తెలుసునని కొందరు పండితులు వాదించారు. అది నిజమే అయినా, దానిని కృష్ణాతీరానికి అంటగట్టడం తొందరపాటని నా అభిప్రాయం. ఆరవ శతాబ్దిలో వరాహమిహిరుడు బృహత్సంహితలో గంధయుక్తికి ఒక అధ్యాయమే కేటాయించాడు. పదహారు ద్రవ్యాలనుంచి నాలుగేసి ఎంచితే 1820 కూర్పులు వస్తాయని లెక్కగట్టాడు. అతని గంధశాస్త్రమంతా నూరడం, నానవేయడం, ధూపం పట్టడం, కలపడం. గంధికుని నైపుణ్యం ప్రధానంగా కూర్పులోనిది.

మన తీరంలో మరొక సాక్ష్యముంది. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో వేయించిన అభయశాసనం సుంకాల పట్టికలో గంధం, కర్పూరం, జవాదితో పాటు పన్నీరూ, కర్పూరతైలమూ కనిపిస్తాయి. పన్నీరు బట్టీ సరుకు. ధాన్యకటకానికీ మోటుపల్లికీ నడుమ వెయ్యేళ్లు గడిచాయి. ఆ వ్యవధిలో సుగంధం నూనెకుండలోనుంచి బట్టీలోకి నడిచింది.

అయితే పాత పద్ధతిని తక్కువ చేయరాదు. నూనె గాలి తగిలితే సిక్కువాసన కొడుతుంది. ప్రాణవాయువుతో మొదలయ్యే ఆ చర్య గొలుసులా సాగుతుంది. నువ్వులనూనెలోని సెసమాల్, లవంగాలలోని యూజినాల్, వాములోని థైమాల్ అనే ఫినాల్ పదార్థాలు తమ హైడ్రోజనును ఇచ్చి ఆ గొలుసును తెంచుతాయి. నేడు యాంటీఆక్సిడెంటు గుణమని పిలిచేది దీనినే. పరీక్షనాళికలో రుజువైన ఈ గుణం మనిషి రోగాలన్నీ మాన్పుతుందనడం వేరు. అంతదూరం నేను పోను. కాని నువ్వులనూనెలో ఇటువంటి దినుసులు కాచిన తైలం త్వరగా చెడదన్నది అనుభవం ద్వారా తెలియగల సంగతే. నిలవ ఉండని సరుకుతో దూరపు వ్యాపారం సాగదు.

ఆ గంధికులు ఏ తైలానికి ఏమి కలిపారో రాయి మీద చెక్కలేదు. వృత్తి పేరు మాత్రం చెక్కించుకున్నారు, గృహస్థుల పక్కన, భిక్షుణుల పక్కన. వాసన ఎగిరిపోయింది, చేసినవారి గౌరవం సున్నపురాతిలో మిగిలింది. మన చరిత్రపుస్తకాలలో రాజుల వరుస తరువాతనైనా, ఈ చేతిపనివారికి ఒక పుట దక్కాలని నా కోరిక.