నూలు ఎవరిది, బేరం ఎవరిది

చేతిపని వాళ్లు చిన్న వ్యాపారులుగా మారాలన్న మాట ఈ మధ్య సభల్లోనూ శిక్షణ తరగతుల్లోనూ తరచూ వినబడుతోంది. సరుకును ఫోన్‌లో ఫొటో తీసి పెట్టాలి, దానికో పేరు పెట్టుకోవాలి, దళారిని దాటి కొనేవాళ్లకే నేరుగా అమ్మాలి అంటారు. వీటిలో చెడ్డ సలహా ఒక్కటీ లేదు. అయితే ఈ సలహాల వెనుక ఒక నమ్మకం ఉంది. నేతగాడికి పని వచ్చు, వ్యాపారం రాదు, అది కూడా నేర్పితే బతుకు గట్టున పడుతుంది అన్నది ఆ నమ్మకం. కర్నూలు జిల్లా పడమటి ఊళ్ల చరిత్ర చూస్తే అది నిజమనిపించదు. ఆదోనికీ ఎమ్మిగనూరుకూ మధ్య దూరం ముప్పై కిలోమీటర్లకు అటూ ఇటూ. రెండూ నల్లరేగడి సీమలోనివే, రెండూ నేతకు పేరుపడ్డవే. ఆదోని జంఖానాల పేరు పత్తి వ్యాపారం చాటున మరుగున పడింది. ఎమ్మిగనూరులో 1938లో ఒక సంఘం పుట్టి మగ్గాన్ని ఊరుమ్మడి వ్యాపారంగా నిలబెట్టింది. ఈ తేడా నేతగాళ్ల నేర్పులో లేదు, తెలివిలోనూ లేదు. నూలు ఎవరి చేతిలో ఉంది, అమ్మకం ఎవరి చేతిలో ఉంది అన్నదాన్ని బట్టి వచ్చిందని నేనంటాను.

ముందు ఆదోని సంగతి. విజయనగర రాజుల కోట, తర్వాత బీజాపూరు సుల్తానుల కోట, ఆపైన మొగలులది, నిజాం వంశీయులది, కొన్నాళ్లు టిప్పుది. ఇన్ని చేతులు మారిన కోట కింద పేట ఊరికే ఉండదు. దండుకు బట్ట కావాలి, దర్బారుకు పరుపులూ తివాచీలూ కావాలి, మసీదులో పరవడానికీ గుడి మండపంలో పరవడానికీ జంఖానాలు కావాలి. 1800లో నిజాం ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి దత్తం చేశాక కొనే దర్బారు పోయింది, పన్ను మాత్రం మిగిలింది. పొలం లేని చేతిపని వాళ్ల మీదా అంగళ్ల మీదా వేసే మొహతర్ఫా పన్ను మగ్గాన్నీ వదల్లేదు. మద్రాసు రాజధానిలో అది పందొమ్మిదో శతాబ్దం నడిమి దాకా సాగింది. బట్ట అమ్ముడైనా కాకపోయినా మగ్గం ఉన్నందుకు కట్టాల్సిందే. అయినా పని చావలేదు. 1911 నాటి ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా ఆదోని గురించి రాసింది నాలుగు వాక్యాలే అయినా, ఆ ఊరి సరుకుల్లో మొదట తివాచీలను, ఆ తర్వాత పట్టు, నూలు బట్టలను చెప్పింది. నూరేళ్లపాటు ఆదరించే దొర లేకుండా పని నిలబడిందంటే ఆ చేతుల్లో ఎంత సత్తా ఉండాలి! జంఖానా నేతలో పడుగు కనబడదు, రంగుల పేకే కంటికి కనిపించేదంతా. ఒక్కో వరుసనూ పంజాతో దిగగొట్టి బిగించాలి. అంచు వంగకుండా చారలు తిన్నగా రావాలంటే ఏళ్ల తరబడి అలవాటైన చెయ్యి కావాలి. అంత చెయ్యి ఉన్నవాళ్ల సరుకు పేరు ఊరు దాటింది గాని, దాని లాభం వాళ్ల ఇంటికి రాలేదు.

ఎందుకు రాలేదో తెలియాలంటే రైలు దగ్గరికి వెళ్లాలి. మద్రాసు నుంచి రాయచూరు దాకా రైలుదారి 1871కల్లా పూర్తయి బొంబాయి వైపు దారితో కలిసింది. ఆదోని ఆ దారి మీదనే ఉంది. అప్పటిదాకా చుట్టుపక్కల పండిన పత్తిని ఆ పల్లెల ఆడవాళ్లే వడికేవారు, ఆ నూలునే ఇక్కడి మగ్గాలు నేసేవి. రైలు వచ్చాక పత్తి బేళ్లు కట్టుకుని బయటికి వెళ్లసాగింది, మిల్లు నూలు లోపలికి రాసాగింది. ఊళ్లో జిన్నింగు, ప్రెస్సింగు ఫ్యాక్టరీలు లేచాయి. ఆదోనిని రెండో బొంబాయి అని పిలుచుకునే రోజులు వచ్చాయి. పత్తిలో చేతినిండా లాభం కనబడుతుంటే షావుకారు మగ్గం మీద డబ్బు ఎందుకు పెడతాడు? పెట్టినవాడు కూడా నూలు అరువిచ్చి బట్ట తీసుకునే పద్ధతిలోనే పెట్టాడు. నూలు ధర అతను చెప్పిందే, బట్ట ధర అతను కట్టిందే, నడిమిన మిగిలింది కూలి. పండక్కో పెళ్లికో తీసుకున్న బాకీ తీరేదాకా ఇంకో షావుకారుకు నేయడానికి వీల్లేదు. మగ్గం పేరుకు నేతగాడిదే, ఇల్లూ అతనిదే, పని మాత్రం ఇంకొకరిది. కూలి నేత అనే మాట ఇక్కడి నుంచే మనకు మామూలైపోయింది. దాన్ని వ్యాపారం రాకపోవడం అనడం అన్యాయం. కొనే నూలూ అమ్మే బట్టా రెండూ ఒకే మనిషి చేతిలో ఉంటే, ఎంత గట్టి బేరగాడైనా ఎవరితో బేరమాడతాడు?

పైగా నేత ఒంటరి పని అనుకోవడమే పొరపాటు. మగ్గం గుంతలో కూర్చున్న ఒక్క మనిషినే ఫొటోల్లో చూస్తుంటాం కాబట్టి అలా అనిపిస్తుంది. ఆ మనిషి నాడె విసిరే ముందు జరిగే పని చూడాలి. చిలప నూలు తడిపి, ఆరబెట్టి, రాట్నం మీద తోడి కండెలు చుడతారు. ఆ పని ఇంటి ఆడవాళ్లది, పిల్లలది, ముసలివాళ్లది. ఆసు పోసి పడుగు తయారు చేస్తారు. ఆ తర్వాత ఆ పడుగును వీధి పొడవునా సాగదీసి కట్టి, ఎండ ముదరక ముందే గంజి పెట్టి, పెద్ద కుంచెలతో అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు దువ్వుతారు. తెగిన పోగు కనబడితే అక్కడికక్కడే ముడేస్తారు. గంజి ఆరిపోయేలోగా పని అయిపోవాలి, కాబట్టి నాలుగిళ్ల వాళ్లు కలిసిరావాల్సిందే. ఈరోజు మీ పడుగుకు మేం, రేపు మా పడుగుకు మీరు. ఇంతకీ ఆ వీధి ఎవరిది? ఏ ఒక్క నేతగాడిదీ కాదు. నేతగాళ్లు గుంపుగా ఒకేచోట ఇళ్లు కట్టుకోవడానికి కులం ఎంత కారణమో ఈ పనీ అంతే కారణం. తయారీలో సగం ఉమ్మడిగా సాగే వృత్తిని, అమ్మకం దగ్గరికి వచ్చేసరికి ఎవరి దారి వాళ్లు చూసుకోండి అంటే అది దాని స్వభావానికే విరుద్ధం.

ఒంటరితనం ఎంత ప్రమాదమో ధాత కరువు చూపించింది. 1876 నుంచి 1878 దాకా సాగిన ఆ కరువులో కర్నూలు, బళ్లారి జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. 1871 నుంచి 1881 లోపల కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గింది. వాన కురవకపోతే రైతు ఇంటి గింజలు అయిపోవడానికి కొంత కాలం పడుతుంది. నేతగాడి కష్టం అంతకంటే ముందే మొదలవుతుంది. రైతు మొదట మానుకునేది కొత్త బట్టే. మగ్గం మీద బట్ట ఉంటుంది, కొనేవాడు ఉండడు, గింజల ధర ఆకాశంలో ఉంటుంది. కరువు సాయం కింద రాళ్లు కొట్టే పనికి వెళ్తే చేతులు కాయలు కాచి మళ్లీ సన్ననూలు పట్టుకోవడానికి పనికిరావు. అందుకే ఆ తర్వాతి కరువు నిబంధనల్లో నేతగాళ్లకు వాళ్ల పనిలోనే సాయం చేయాలన్న పద్ధతి వచ్చింది. సర్కారే నూలిచ్చి, బట్ట తీసుకుని, కూలి ఇచ్చేది. నూలూ బజారూ ఎవరైనా చూసుకుంటే చాలు, మగ్గం కరువులో కూడా ఆడుతుందని దీంతో రుజువైంది. అదే ఏర్పాటు కరువు లేని రోజుల్లో, నేతగాళ్ల సొంత చేతుల్లో ఎందుకు ఉండకూడదు అన్నది మిగిలిన ప్రశ్న. దానికి జవాబు రావడానికి అరవై ఏళ్లు పట్టింది.

1904 సహకార చట్టం అప్పుల సంఘాలకే పరిమితం. 1912 చట్టంతో సరుకు తయారు చేసి అమ్మే సంఘాలకూ దారి తెరుచుకుంది. 1935లో మద్రాసు రాష్ట్రమంతటికీ చేనేత సహకార సంఘం ఏర్పడింది. ఆ తర్వాత మూడేళ్లకు, 1938లో, మాచాని సోమప్ప పూనికతో ఎమ్మిగనూరు నేతగాళ్ల సహకార ఉత్పత్తి, విక్రయ సంఘం మొదలైంది. పేరులోనే విక్రయం ఉందని గమనించాలి. నూలు సంఘానిది, రంగులు సంఘానివి, అమ్మకం సంఘానిది. నేతగాడు నూలు తీసుకుని, నేసిన బట్ట అప్పజెప్పి, కూలి తీసుకుంటాడు. పైపైన చూస్తే షావుకారు పద్ధతే ఇది. తేడా ఏమిటంటే ఇక్కడ షావుకారు స్థానంలో ఉన్నది నేతగాడు కూడా సభ్యుడైన సంఘం. దుప్పట్లు, తువ్వాళ్లు, కర్టెన్ల బట్ట వంటి నిత్యం వాడుకునే సరుకు మీద ఎమ్మిగనూరు పేరు నిలబడింది. ఈ ఊరికి రైలు లేదన్నది మరిచిపోకూడదు. రైలున్న ఆదోనిలో కాకుండా రైలు లేని ఎమ్మిగనూరులో చేనేత ఇంత పెద్ద వ్యాపారం కావడం బజారుకు దూరంగా ఉండటమే నేతగాడి లోపం అనేవాళ్లు ఆలోచించాల్సిన విషయం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని తాలూకా బళ్లారి నుంచి విడివడి కర్నూలు జిల్లాలో కలిసింది. మరుసటి ఏడాదే, పద్మ పురస్కారాలు మొదలైన 1954లోనే, సోమప్పకు పద్మశ్రీ వచ్చింది. ఎమ్మిగనూరులో వీవర్స్ కాలనీ అన్న పేరు ఇప్పటికీ ఉంది. నేతగాడికి కూలి ఒక్కటే కాదు, మగ్గం పట్టే ఇల్లు కూడా కావాలని ఆ తరం గుర్తించింది.

సోమప్ప వ్యాపార కుటుంబానికి చెందిన మనిషి, నేతగాళ్ల సంఘాన్ని ఒక పెద్దమనిషి నడిపించాడంటే అది దయే గాని సహకారం ఎలా అవుతుందని కొందరు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. నేతగాళ్లు తమంతట తాము కూడి పెట్టుకున్న సంఘంగా దాన్ని చిత్రించడం నిజం కాదు. కానీ పెట్టుబడి లేని చోట తొలి పెట్టుబడి, పరపతి, బజారు పరిచయం ఎవరో ఒకరు తేవాల్సిందే. తెచ్చినవాళ్లు దాన్ని సొంత గిడ్డంగిలో పెట్టుకున్నారా, సంఘం లెక్కల్లో పెట్టారా అన్నదే చూడాలి. ఈ సీమలో నూలు తెలిసిన వ్యాపారులు ఎందరో ఉండేవారు. నూలును సంఘం చేతికిచ్చిన వాళ్లు తక్కువ.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. చేనేత సంఘాలు తర్వాత ఏమయ్యాయో అందరికీ తెలుసు, రాజకీయాలు, బినామీ సభ్యులు, కదలని నిల్వలు, అందని బకాయిలు అంటారు. ఆంధ్రదేశమంతటా ఇది జరిగింది, ఎమ్మిగనూరు సంఘం కూడా తన వెనుకటి వెలుగులో లేదు. అయితే కారణం ఉమ్మడితనంలో ఉందా, ఆ ఉమ్మడితనాన్ని సర్కారు వాడుకున్న తీరులో ఉందా? 1970ల నడిమి నుంచి జనతా బట్ట పథకం వచ్చింది. పేదలకు చౌక బట్ట, నేతగాడికి నిలకడైన పని అన్న ఉద్దేశం మంచిదే. కానీ సంఘాలు బజారును వెతకడం మానేసి ముతక బట్ట నేసి సర్కారుకు అప్పగించడానికి అలవాటు పడ్డాయి. కొత్త రంగు, కొత్త చార, కొత్త కొలత ఆలోచించాల్సిన పని లేకుండా పోయింది. 1990ల్లో ఆ పథకం సన్నగిల్లేసరికి చేతిలో నేర్పు ఉంది, కొనేవాడి చిరునామా లేదు. పేరులోని విక్రయాన్ని వదిలేసి ఉత్పత్తి ఒక్కటే మిగుల్చుకున్న సంఘం పడిపోవడం నా వాదనకు అడ్డు రాదు, దాన్ని బలపరుస్తుంది.

మరమగ్గం ఎలాగూ చంపేదే కదా అనేవాళ్లకు కొంత ఒప్పుకోవాలి. తువ్వాలు, దుప్పటి వంటి సాదా సరుకులో మరమగ్గంతో ధరకు పోటీ పడటం కష్టం. 1985లో పార్లమెంటు కొన్ని రకాల బట్టను చేనేతకే కేటాయిస్తూ చట్టం చేసింది. మొదట 22 రకాలు, తర్వాత 11కు తగ్గాయి. ఆ చట్టం అమలు ఎంత మాత్రమో ఏ సంతలోనైనా తెలుస్తుంది. మంగళగిరి, వెంకటగిరి, ఉప్పాడల్లో ఊరి పేరే చీర పేరు, ఆ పేరుకు భౌగోళిక గుర్తింపు రక్షణ ఉంది, కొనేవాళ్లు ఆ పేరుకు ఒక ధర కడతారు. దుప్పటి కొనేవాళ్లు ఊరి పేరు అడగరు. అందుకే ఎమ్మిగనూరు నేతగాడికి సొంత పేరూ సొంత ఫొటోలూ అంతగా అక్కరకు రావు. హోటళ్లు, ఆసుపత్రులు, హాస్టళ్లు ఒకేసారి వందల కొద్దీ ఒకే కొలత, ఒకే రంగు సరుకు అడుగుతాయి. అంత సరుకు గడువులోగా ఇవ్వడం రెండు మగ్గాల ఇంటివల్ల కాదు, యాభై మగ్గాలకు ఒకే రంగు వేసే అద్దకం ఇల్లు ఉంటేనే అవుతుంది.

2019–20 చేనేత గణన ప్రకారం దేశంలో ఈ పనిలో ఉన్నవాళ్లు 35 లక్షల పైచిలుకు, వాళ్లలో నూటికి డెబ్బై మందికి పైగా ఆడవాళ్లు. మూడింట రెండు వంతుల నేత కుటుంబాల నెల ఆదాయం 5,000 రూపాయలకు లోపే. ఆ ఇంట్లో ఆన్‌లైన్ అంగడి తెరవమంటే ఎవరు తెరవాలి? పొద్దున కండెలు చుట్టి, మగ్గం మీద కూర్చుని, వంట చేసే మనిషే ఫొటోలు తీసి, పార్సిలు కట్టి, తిరిగొచ్చిన సరుకు నష్టం కూడా భరించాలా? నచ్చలేదని వెనక్కి వచ్చిన ఒక్క దుప్పటి ఆ ఇంటికి కొన్ని రోజుల కూలి. సంఘానికి అది లెక్కల పుస్తకంలో ఒక పద్దు. ఆన్‌లైన్ బజారు మంచి దారే. ఆ దారిన వెళ్లాల్సింది సంఘం, జీతం తీసుకుని ఆ పని చూసే మనిషిని పెట్టుకుని. మగ్గం ఉన్న ఇళ్లకు ఏటా కొంత సొమ్ము వేసే పథకాలు ప్రభుత్వాలు పెట్టాయి, అలాంటి సొమ్ము ఇంటి అప్పుకు అక్కరకొస్తుంది, దాన్ని తప్పుపట్టను. దాని పక్కన ఎమ్మిగనూరులో చిలప నూలు మిల్లు ధరకే దొరికే ఒక డిపో, నికరమైన రంగులు వేసే ఒక అద్దకం ఇల్లు, నేసిన బట్టకు వారంలోగా డబ్బు చెల్లించే ఒక నిధి కూడా కావాలి. అన్నిటికంటే ముందు ఆ సంఘానికి సకాలంలో ఎన్నికలు జరగాలి, అందులో ఓటు మగ్గం మీద కూర్చునే ఆడవాళ్ల పేరున ఉండాలి.