ముందు ఎవరికి పరీక్ష?

వీర్య పరీక్షకు పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. వెడల్పు మూతి ఉన్న శుభ్రమైన డబ్బా, గళ్లు గీసిన గాజు చాంబర్, మైక్రోస్కోపు ఉంటే చాలు. శాంపిల్ పలచబడేదాకా ఓ అరగంట ఆగాలి, అంతే. కోత లేదు, సూది లేదు, మత్తు లేదు. పిల్లలు కలగని దంపతులకు చేసే పరీక్షల్లో ఇంత తేలికైనది, ఇంత చవకైనది మరొకటి లేదు. విజయవాడ సూర్యారావుపేటలో ల్యాబ్ టెక్నీషియన్‌గా నా సర్వీసంతా ఈ పనిలోనే గడిచింది. అయినా మగవాడి డబ్బా నా బల్ల మీదికి వచ్చేసరికి, ఆయన భార్యకు స్కానింగులు, హార్మోన్ పరీక్షలు, గర్భనాళాలు తెరుచుకున్నాయో లేదో చూసే ఎక్స్‌రే, కొందరికి గర్భసంచి గోకే డి అండ్ సి కూడా అయిపోయి ఉండేవి. ఈ వరస ఎవరు పెట్టారు, ఎప్పటి నుంచి ఉంది అని వెతకడం నాకు అలా మొదలైంది.

వీర్యకణాన్ని మనిషి చూసి మూడు వందల ఏళ్లు దాటింది. 1677లో హాలండ్‌లోని డెల్ఫ్ట్ ఊళ్లో ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్ అనే బట్టల వ్యాపారి ఉండేవాడు. కటకాలు తనే సానపట్టుకునేవాడు. యోహాన్ హామ్ అనే వైద్య విద్యార్థి ఒక సెగరోగి స్రావం తెచ్చి, ఇందులో తోకలున్న జీవులు కదులుతున్నాయన్నాడు. రోగం వల్ల పుట్టాయేమోనని హామ్ అనుమానం. లీవెన్‌హుక్ తన వీర్యాన్నే పెట్టి చూశాడు, అదీ గుండె ఆరుసార్లు కొట్టుకునే లోపే. ఇసుక రేణువంత మేరలో వెయ్యికి పైగా కదులుతూ కనిపించాయి. ఆ సంగతి లండన్‌లో రాయల్ సొసైటీ అధ్యక్షుడు లార్డ్ బ్రౌంకర్‌కు రాస్తూ, పాపపు పని చేసి తీసింది కాదని, భార్యతో కలిసినప్పటిదేనని చెప్పుకున్నాడు. పండితులకు రోతగా ఉంటుందనుకుంటే అచ్చు వేయొద్దని కూడా అన్నాడు. ఆ బిడియమే మా కౌంటర్ దగ్గర రోజూ చూసేవాణ్ని. డాక్టరు రాసిన చీటీని నాలుగు మడతలు పెట్టి, పక్కన ఎవరూ లేనప్పుడు ఇచ్చేవారు. శాంపిల్ భార్య చేత పంపించే మగవాళ్లు బోలెడుమంది. డబ్బా చల్లబడకూడదని చెబితే ఆ తల్లి చీర కొంగులో చుట్టి, ఆటోలో గుండెకు ఆనించుకుని తెచ్చేది.

మన వైపు పిల్లల కోసం చేసే ఆచారాలన్నీ ఆడమనిషి మీదే నడిచాయి. రావిచెట్టు చుట్టూ ప్రదక్షిణలు ఆమెవి, పుట్టలో పాలు పోసేది ఆమె, తడిబట్టలతో గుడి ముందు ప్రాణాచారం పడేది ఆమె. దశరథుడి కథలో యాగం రాజు చేశాడు, పాయసం మాత్రం రాణులు తాగారు. నాకు తెలిసి మగవాళ్లు కూడా పక్కన నిలబడే చోటు నెల్లూరు రొట్టెల పండుగ. స్వర్ణాల చెరువులో మొగుడూ పెళ్లాం ఇద్దరూ నీళ్లలో దిగి సంతాన రొట్టె అందుకుంటారు. పిల్లలు లేని భార్య ఉండగా ఎనిమిదో ఏట మరో పెళ్లి చేసుకోవచ్చని మనుస్మృతి అనుమతి ఇచ్చింది. మద్రాసు రాష్ట్రంలో 1949లో చట్టం వచ్చేదాకా హిందూ మగవాడి రెండో పెళ్లికి అడ్డేమీ లేదు. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో ఒక ఆసామికి ముగ్గురు భార్యలు. ముగ్గురికీ పిల్లల్లేరు. ముగ్గురినీ గొడ్రాళ్లే అన్నారు. ఆయన్ని మాత్రం ఊళ్లో ఒక్కరూ ఒక్క మాట అనలేదని అమ్మమ్మ చెప్పేది.

పాశ్చాత్య వైద్యులు చేసిందీ అంతకన్నా మెరుగేమీ కాదు. 1884లో ఫిలడెల్ఫియాలో విలియం పాంకోస్ట్ అనే ప్రొఫెసర్ దగ్గరికి ఒక వర్తకుడి భార్య వచ్చింది. ముందు ఆమెనే పరీక్షించారు. తర్వాతెప్పుడో భర్త వీర్యం చూస్తే కణాలే లేవు. చివరికి ఆమెకు మత్తిచ్చి, వైద్య విద్యార్థుల్లో ఒకడి వీర్యాన్ని గర్భంలోకి ఎక్కించారు. మగబిడ్డ పుట్టాడు. భర్తకు తర్వాత చెప్పారు గానీ ఆమెకు చెప్పనేలేదు. 1909లో ఒక వైద్యుడు పత్రికకు రాస్తేనే లోకానికి తెలిసింది. చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. సిమ్స్, హునర్ అనే వైద్యుల పేరిట వచ్చిన పరీక్ష కూడా అలాంటిదే. దంపతులు కలిశాక భార్యను బల్ల మీద పడుకోబెట్టి, గర్భద్వారం దగ్గరి జిగురు తీసి, అందులో కణాలు కదులుతున్నాయా అని చూడాలి. నేను పనిలో చేరిన కొత్తలో అలాంటి స్లైడులు మా దగ్గరికీ వచ్చేవి. మగవాడి కణాలు చూడటానికి కూడా ఆవిడ బట్టలు సర్దుకుని బల్ల ఎక్కాల్సిందే.

కణాల లెక్కకు ఒక గీత కావాలని అమెరికాలో జాన్ మెక్లియోడ్ 1951లో వెయ్యిమంది తండ్రులను, పిల్లలు కలగని దాంపత్యాల్లోని మరో వెయ్యిమంది మగవాళ్లను పోల్చి చూశాడు. మిల్లీలీటరుకు 2 కోట్లు అన్న గీత అక్కడ నిలబడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 పుస్తకంలోనూ అదే ఉంది. 2010లో దాన్ని కోటీ 50 లక్షలు చేశారు, 2021లో కోటీ 60 లక్షలు. గీతకు దిగువన ఉన్నా తండ్రులైనవాళ్లున్నారు. అందుకే ఒక్క రిపోర్టుతో ఏదీ తేల్చకూడదు, జ్వరం వచ్చి తగ్గినా కౌంట్ పడిపోతుంది, కొన్ని వారాలాగి రెండోసారి చూడాలి. కౌంటుకూ మగతనానికీ సంబంధం లేదన్న మాట మాత్రం ఎన్నిసార్లు చెప్పినా ఎదుటివాడి తలకెక్కేది కాదు.

‘నిల్’ అని రాయాల్సివచ్చినప్పుడు చెయ్యి ఆడేది కాదు. శాంపిల్‌ను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున చేరినదాన్ని మళ్లీ వెతికేవాణ్ని. అప్పట్లో ఆ మాటకు రెండే దారులు: గుట్టుగా దాత వీర్యం, లేదంటే దత్తత. 1978 జులైలో ఇంగ్లండ్‌లో లూయీ బ్రౌన్, అక్టోబరులో కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ కృషితో దుర్గ టెస్ట్ ట్యూబ్ బిడ్డలుగా పుట్టారు గానీ, ఆ పద్ధతి మూసుకుపోయిన గర్భనాళాల కోసం వచ్చింది. మగవాడి లోపానికి దారి దొరకడానికి మరో 14 ఏళ్లు పట్టింది. బ్రసెల్స్‌లో జాన్‌పియెరో పలెర్మో అండం పైపొర కింద వీర్యకణాలు పెడుతుంటే ఒకటి పొరపాటున అండం లోపలికే జారింది, ఆ అండం ఫలదీకరణ చెందింది. 1992లో ఆ బృందం, ఒక్క కణాన్ని నేరుగా అండంలోకి ఎక్కించే ఈ ‘ఇక్సీ’ పద్ధతి ఫలితాలను లాన్సెట్ వైద్య పత్రికలో ప్రకటించింది. ఆ తర్వాత వృషణం నుంచి సూదితో తీసిన కణాలతోనూ పిల్లలు పుట్టారు. నేను ‘నిల్’ రాసిన మనిషి మళ్లీ డాక్టరు దగ్గర కూర్చుని మాట్లాడగలిగాడు. అది చూసిన తరం మాది.

కానీ ఆ ఒక్క కణం కోసం ఏ లోపమూ లేని భార్య పది పన్నెండు రోజులు పొట్టలో ఇంజెక్షన్లు వేయించుకోవాలి, మత్తులో అండాలు తీయించుకోవాలి. ఒక్క కణం చాలు కదా అని, భర్తకు కౌంట్ ఎందుకు తగ్గిందో చూడటమే మానేసిన చోట్లున్నాయి. అది నాకు ఒళ్లు మండించే విషయం. వేరికోసీల్ (వృషణాల దగ్గర సిరల ఉబ్బు) ఉందేమో చేత్తో చూడరు, హార్మోన్లు చూడరు. వై క్రోమోజోములో ముక్క ఎగిరిపోయి ఉంటే ఇక్సీతో పుట్టే కొడుక్కీ అదే వస్తుంది. మన దేశపు మగవాళ్లలో ఆ లోపాలను హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఎప్పుడో చూపించారు.

నేను రిటైరయ్యే ముందు గుణదల కుర్రాడొకడు వచ్చాడు. బలమైన భుజాలు, కౌంట్ నిల్. భార్యకు ఇంజెక్షన్లు మొదలుపెట్టే తేదీ కూడా ఇచ్చేశారు. జిమ్‌లో ఏమైనా వేసుకుంటున్నావా బాబూ అని పక్కకు పిలిచి అడిగితే, టెస్టోస్టెరాన్ అన్నాడు. బయటినుంచి ఎక్కిస్తే ఒళ్లు వీర్యకణాల ఉత్పత్తి ఆపేస్తుందని చెప్పి, యూరాలజిస్టు దగ్గరికి పంపాను. మానేసిన కొన్ని నెలలకు మళ్లీ శాంపిల్ ఇచ్చాడు. ఈసారి గళ్లలో లెక్కపెట్టడానికి కణాలున్నాయి. ఆ అమ్మాయికి ఒక్క ఇంజెక్షనూ పడలేదు.