సముద్రం దాటిన సొరబుర్ర

1954లో టామస్ విటేకర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు, జార్జ్ కార్టర్ అనే భూగోళ శాస్త్రజ్ఞుడు కలిసి ఒక ప్రయోగం ఫలితాలు అచ్చువేశారు. సొరకాయలను సముద్రపు నీటిలో తేలవేసి రోజులు లెక్కపెట్టారు. 224 రోజులు గడిచాయి. తీసి పగలగొట్టి, లోపలి గింజలు నాటితే మొలకెత్తాయి. ఏడు నెలలకు పైగా ఉప్పునీటి మీద తేలిన కాయలో ప్రాణం చెక్కుచెదరలేదు.

సరిగ్గా అదే ఏడాది వెరియర్ ఎల్విన్ పుస్తకం ‘ట్రైబల్ మిత్స్ ఆఫ్ ఒరిస్సా’ అచ్చయింది. ఒరిస్సా కొండల్లో తిరిగి గిరిజనుల నోట విని రాసుకున్న కథలవి. లోకమంతా నీట మునిగినప్పుడు ఓ అన్నా చెల్లెలు సొరబుర్రలో దూరి బతికి బయటపడ్డారని, ఇప్పుడున్న మనుషులంతా వాళ్ల సంతానమేనని చెప్పే కథ అందులో పలు రూపాల్లో ఉంది. నీళ్లమీద తేలే బుర్ర, బుర్రలో ప్రాణం. తొట్టెలో తేల్చి చూసినవాళ్ల మాట, కొండమీద పొయ్యి పక్కన కూర్చుని చెప్పుకున్నవాళ్ల మాట ఒకే సంవత్సరం అచ్చులోకి వచ్చాయి. సొరబుర్ర వెంట పడడానికి ఈ ఒక్క సంగతి చాలు.

ఆ కథను చింతూరులో కూర్చుని తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. శబరి ఒడ్డున ఉన్న ఊరది. ఎగువన మోటు దగ్గర సీలేరు వచ్చి శబరిలో కలుస్తుంది. దిగువన కూనవరం దగ్గర శబరి గోదావరిలో కలుస్తుంది. గోదావరి పోటెత్తిందంటే శబరి నీళ్లు ముందుకు పోలేక వెనక్కి తన్నుతాయి, చింతూరు రోడ్లెక్కుతాయి. భద్రాచలం దగ్గర గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులకు చేరింది. 2022 జులైలో 71.3 అడుగులు దాకా వచ్చింది. ఆ ఏడు చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం మండలాల్లో ఊళ్లకు ఊళ్లు నీళ్లలో ఉన్నాయి. ఎల్విన్ కథలు పోగుచేసిన మల్కన్‌గిరి కొండలు ఇక్కడికి పొరుగే. శబరికి అటూ ఇటూ ఉన్నది ఎక్కువగా కోయవాళ్లే. వరదంటే ఏమిటో ఒంటికి తెలిసిన జనం, అందులో మునగని వస్తువును కథలో పెట్టుకున్నారు.

ఆ వస్తువు వాళ్ల ఇంటి చూరుకే వేలాడుతుండేది మరి. అడవికి వెళ్తే నీళ్లు అందులోనే. జీలుగు కల్లు, తాటికల్లు అందులోనే. అంబలి అందులోనే. పొడుగు మెడ ఉన్న కాయను నిలువునా రెండుగా చీలిస్తే రెండు గరిటెలు. గుండ్రని కాయ పైభాగం కోసేస్తే గింజలు దాచుకునే డబ్బా. ఈత రాని పిల్లాడి నడుముకు కడితే అదే తెప్ప. కుండ చెయ్యాలంటే కుమ్మరి కావాలి, సారె కావాలి, ఆవం కావాలి. బుర్రకు ఒక పాదు, ఒక దడి ఉంటే చాలు, కుండ తీగకే కాస్తుంది.

తెలుగులో తలకాయకూ బుర్రే పేరు, గుజ్జు తీసిన కాయ డొల్లకూ బుర్రే పేరు. కాయకేమో రెండు పేర్లు. కోస్తాలో ఆనపకాయ, తెలంగాణలో సొరకాయ. భద్రాచలం తాలూకాతో పాటు చింతూరు 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది, 2014లో తూర్పు గోదావరికి వచ్చింది, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. కాబట్టి అక్కడ రెండు మాటలూ చెల్లుతాయి. గొప్పలు చెప్పేవాణ్ని సొరకాయలు కోస్తున్నాడంటారు. లేతగా కోసిన కాయ కూరకే పనికొస్తుంది. బుర్ర కావాలనుకున్నవాళ్లు కాయను కొయ్యకుండా తీగకే వదిలేస్తారు.

వదిలేశాక ఓపిక పట్టాలి. గోరు గుచ్చితే దిగనంతగా తోలు ముదరాలి. తొడిమ దగ్గర వేలు పట్టేంత కంత చేసి, లోపల నీళ్లు పోసి కొన్నాళ్లు ఉంచితే గుజ్జు కుళ్లి వదులవుతుంది. దాన్ని పారబోసి, గుప్పెడు గులకరాళ్లు, కాసిని నీళ్లు వేసి గలగలా ఊపుతారు. లోపలి పీచును రాళ్లే గీకేస్తాయి. బుర్రకు మంచిది చేదు సొర. కూరకు పనికిరాని ఆ కాయకే డొల్ల మందంగా ఉంటుంది. కాకపోతే నీళ్లు మార్చి మార్చి నానబెట్టి చేదు దించాలి. తర్వాత పొయ్యి మీద అటక కింద వేలాడదీస్తే పొగ పట్టి తేనెరంగు, తర్వాత ముదురు గోధుమరంగు తేలుతుంది, పురుగు ముట్టదు. నడుముకు నార అల్లి మోత తాడు కట్టి, మూతికి ఆకు చుట్టి బిరడా పెడితే పాత్ర సిద్ధం.

బొమ్మ ఆ తర్వాత వస్తుంది. చిన్న కత్తినో ఇనుప ఊచనో నిప్పుల్లో ఎర్రగా కాల్చి బుర్ర తోలు మీద ఆనిస్తారు. సుయ్‌మని చిన్న పొగ లేస్తుంది, కాలిన చోట నల్లటి గీత పడుతుంది. త్రికోణాలు, చుక్కల వరసలు, చేప, నెమలి. తప్పు గీత పడితే చెరపడానికి ఉండదు, దాన్ని కలుపుకునే ఇంకో గీత వెయ్యాలి. చింతూరు నుంచి కుంట, సుక్మా మీదుగా పోతే బస్తర్ వస్తుంది. అక్కడ బుర్రను తుంబా అంటారు. కొండగావ్ పనివాళ్లు ఈ కాల్చిన గీతల పనిని ఒక కళగా నిలబెట్టారు. బుర్రకు సన్న కంతలు చేసి లోపల దీపం పెడితే గోడంతా వెలుగు చుక్కలు పరుచుకుంటాయి. ఆ దీపాలు ఇప్పుడు గృహప్రవేశాలకు, పెళ్లిళ్లకు కానుకలుగా వెళ్తున్నాయి.

బుర్ర చరిత్రలో తనివితీరా ఆగవలసిన కాలం 1940 నుంచి 1954 దాకా ఉన్న పద్నాలుగేళ్లు. ప్రపంచం యుద్ధంలో తగలబడుతుంటే, కొందరు మనుషులు ఈ కొండల్లో కూర్చుని దువ్వెనలు, పొగాకు డబ్బాలు, బుట్టలు, బుర్రలు ఓపికగా చూస్తూ రాసుకుంటున్నారు. వియన్నాలో పుట్టిన క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ యుద్ధం వచ్చేసరికి భారతదేశంలో ఉన్నాడు. శత్రుదేశపు పాస్‌పోర్టు చేతిలో ఉంది కాబట్టి బ్రిటిష్ ప్రభుత్వం అతన్ని నిజాం రాజ్యానికి పరిమితం చేసింది. ఆ నిర్బంధమే మనకు మేలయింది. పాపికొండల్లో కొండరెడ్ల మధ్య ఉండి, వాళ్ల పోడు, వాళ్ల వెదురు పని, వెదురు కోసం వచ్చిన కాంట్రాక్టర్ల కింద వాళ్లు పడిన అవస్థ అంతా రాశాడు. ‘ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’ 1945లో వచ్చింది. అతని ఫొటోలు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి.

ఎల్విన్ సంగతి ఇంకా వింత. 1927లో క్రైస్తవ మత సేవకుడిగా ఇంగ్లండ్ నుంచి వచ్చి, గాంధీకి దగ్గరై, గోండుల మధ్య గుడిసె వేసుకుని, చివరికి చర్చిని వదిలేశాడు. 1940ల మొదట్లో బస్తర్‌లో మురియా గిరిజనుల ఘోటుల్ చూశాడు. ఊరి పడుచులందరూ రాత్రిళ్లు కలిసి ఉండే ఇల్లది. అక్కడ పిల్లవాడు తనకు నచ్చిన పిల్లకు దువ్వెన చెక్కి ఇచ్చేవాడు. అడవిలో దొరికిన చెక్క, వెదురు, చేతిలో ఒక కత్తి, అంతే ఖర్చు. ఆ పిల్ల కొప్పులో ఎన్ని దువ్వెనలుంటే అంత మురిపెం. ఆ దువ్వెనల అంచుల మీది గీతలను, పొగాకు డబ్బాల మీది చెక్కడాన్ని ఎల్విన్ నగలంత శ్రద్ధగా చూశాడు. ‘ది ట్రైబల్ ఆర్ట్ ఆఫ్ మిడిల్ ఇండియా’ 1951లో వచ్చింది. 1954లో అతను భారత పౌరసత్వం తీసుకున్నాడు. ఆ ఏడాదే పైన చెప్పిన పురాకథల పుస్తకం. ఇన్ని సంగతులు ఒక్క ఏడాదిలో ఇమిడాయంటే ఆ సంవత్సరం మీద ప్రేమ పుట్టకుండా ఎలా ఉంటుంది!

ఆ కథల్లో కొన్నిటిలో బుర్ర ఒడ్డుకు చేరాక అన్నా చెల్లెళ్లకు అమ్మవారు పోస్తుంది. ముఖాలు మారిపోయి ఒకరినొకరు గుర్తుపట్టలేక ఆలుమగలవుతారు. తూర్పున లావోస్‌లో కూడా మనుషులు సొరకాయలోంచే పుట్టారు. అక్కడ కాయలోంచి జనం గోల వినిపిస్తే ఎర్రగా కాల్చిన ఇనుప ఊచతో కంత చేశారట. ఆ మసి కంతలోంచి ముందు బయటికొచ్చినవాళ్లు ఖమూ తెగవాళ్లు. అందుకే వాళ్లు నల్లగా ఉంటారట. ఉలితో చేసిన కంతలోంచి తర్వాత వచ్చినవాళ్లు లావోలు. పనివాడి చేతిలోని కాలిన ఊచే మనుషుల పుట్టుకలోకి ఎక్కింది. మన వాల్మీకి రామాయణంలోనూ సగరుడి భార్య సుమతి కన్నది ఒక సొరకాయనే. అది పగిలి అరవై వేల మంది కొడుకులు వచ్చారు.

ఆ పద్నాలుగేళ్లలోనే భూగోళం అవతల జూనియస్ బర్డ్ అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు పెరూ తీరంలో హువాకా ప్రియెటా అనే దిబ్బను తవ్వుతున్నాడు. 1946, 1947 సంవత్సరాలవి. ఆ దిబ్బ మీద ఉన్నవాళ్లకు కుండ చెయ్యడం ఇంకా తెలియదు. బుర్రలు మాత్రం కుప్పలుగా దొరికాయి. ఒక స్త్రీ సమాధిలో, గుప్పిట్లో పట్టేంత చిన్న బుర్రలు రెండు బయటపడ్డాయి. వాటి మీద మనుషుల ముఖాలు చెక్కి ఉన్నాయి. నాలుగు వేల ఏళ్లకు పైబడిన కానుక. పోయినావిడ వెంట పంపడానికి బంగారం లేదు, కంచు లేదు, మట్టిపాత్ర కూడా లేదు. పెరట్లో కాసిన కాయ మీద ఎవరో కూర్చుని ముఖాలు చెక్కారు. పెరూలో హువాంకాయో దగ్గర కోచాస్ పల్లెల్లో ఇప్పటికీ బుర్రల మీద కథలకు కథలు చెక్కుతున్నారు.

అయితే ఆఫ్రికాలో పుట్టిన కాయ పెరూకు ఎలా చేరింది? 1947లో థోర్ హెయర్‌డాల్ కోన్‌టికీ తెప్ప మీద 101 రోజులు పసిఫిక్‌లో ప్రయాణించి, పూర్వం మనుషులు సముద్రాలు దాటారని వాదించాడు. మొక్కల సాక్ష్యాల్లో సొరకాయ పేరూ చెప్పాడు. విటేకర్, కార్టర్‌లు కాయలను నీళ్లలో వెయ్యడానికి ఈ తగవే నేపథ్యం. మనిషి తేవాలా, కాయే రాగలదా? 2005లో జన్యువులు చూసినవాళ్లు ఆసియా నుంచి మనుషులు తెచ్చారన్నారు. 2014లో లోగన్ కిస్లర్ బృందం పాత బుర్రల జన్యువులు మళ్లీ చదివి, అవి ఆఫ్రికా వంశానివేనని, అట్లాంటిక్ మీద తేలుతూ తామే వెళ్లి ఉంటాయని తేల్చింది. ఎల్విన్‌కు కథ చెప్పినవాళ్లు ఈ మాట వింటే తలలూపేవారు.

మన దేశంలో పాత జాడలు పలచన. అథర్వవేదంలో అలాబుపాత్ర ఉంది. మనుస్మృతి యతికి ఉండదగిన పాత్రలు చెబుతూ సొరబుర్ర, కర్ర, మట్టి, వెదురు అంటుంది. అన్నీ వదిలేసినవాడికి కూడా అడవిలో దొరికే పాత్ర చాలునన్నమాట. ఆ తర్వాత బుర్ర కనబడేది సంగీతంలో. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడి ‘సంగీత రత్నాకరం’ కిన్నరి వీణను వర్ణిస్తుంది. బుర్రలు, మైనం, రాబందు ఎముకల మెట్లు. ఎక్కడ చచ్చిన పక్షి, ఎక్కడ తేనెపట్టు, ఎక్కడ పాదు! ఇవన్నీ ఏరుకొచ్చి నాదం చేశారు. ఆ కిన్నెరే నాగర్‌కర్నూల్ జిల్లాలో దర్శనం మొగులయ్య చేతుల్లో పన్నెండు మెట్లతో పలికి 2022లో పద్మశ్రీ తెచ్చింది. వెదురు బొంగు, సొరబుర్రలు, తేనెమైనం, కొసన చెక్క పిట్ట. ఆ వాద్యం చెయ్యడానికి బజారుకు వెళ్లాల్సిన పని పెద్దగా లేదు.

చింతూరు వైపు కోయల కొమ్ము నృత్యంలో తలపాగా చూసినా ఇదే చేతివాటం. వెదురు అల్లిక మీద అడవిదున్న కొమ్ములు, నెమలి ఈకలు, ముఖం మీదికి వేలాడే గవ్వల కుచ్చు. ఆ గవ్వలు పూర్వం మాల్దీవుల నుంచి ఓడల్లో వచ్చి, చేతులు మారి మారి కొండెక్కినవి. కొండమీద బుర్రలాగే తలపాగా గవ్వకూ సముద్రం గుర్తుంది.

పోయినదేమిటో కూడా చెప్పుకోవాలి. ఇప్పుడు సంతకు వచ్చే చేతిలో ఉండేది ఖాళీ కూల్‌డ్రింక్ సీసా. రోడ్డు పక్కన పారేసిందాన్ని కడిగి కల్లుకో నీళ్లకో వాడుకుంటారు. తప్పేం లేదు, దొరికినదాన్ని పనికి పెట్టే తెలివి అదే. కానీ సీసాకు బొమ్మ ఎవరూ కాల్చరు. పగిలిన బుర్ర పాదులోనే మట్టయ్యేది, సీసా శబరిలోకి పోతుంది, వరద తగ్గాక ఒడ్డున చెట్ల కొమ్మలకు చిక్కుకుని మిగులుతుంది. పైకప్పు రేకయ్యాక తీగ పాకడానికి గడ్డి లేదు. బుర్రను పొగబెట్టడానికి కట్టెల పొయ్యి లేని ఇల్లు పెరుగుతోంది. నష్టం ఒక పాత్రతో ఆగలేదు. ఏ కాయను కొయ్యకుండా వదలాలో, ఎన్నాళ్లు వదలాలో చూసి చెప్పగలిగే కన్ను కూడా పోతోంది. ఎగ్జిబిషన్లలో దీపాలుగా అమ్ముడవడం మంచిదే, ఆ పని బతుకుతుంది. తాగే నీళ్ల పాత్రగా బుర్ర బతికితే ఆ ఆనందం వేరు.

పని తెలిసిన ఇళ్లలో ఒక అలవాటు ఉంది. గులకరాళ్లు వేసి ఊపేముందు, కంతలోంచి రాలిన గింజలను పారబొయ్యరు. కడిగి, చేటలో ఆరబోసి, బూడిద పట్టించి, ఇంకో పాత బుర్రలో పోసి ఆకు బిరడా పెడతారు. అది పొయ్యి మీద మళ్లీ పొగలో వేలాడుతుంది. తొలకరి పడ్డాక దించి, దడి పక్కన పాదు చేసి గుచ్చుతారు.